సారు పాఠాలు, పాత డిస్కు
(పూర్వ విద్యార్థుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన తెలుగు సారు భాగవతం పాఠాలు ఈ సంచికలో అచ్చవుతున్నాయి కదా, అవి ఎట్లా దొరికాయో చెప్పమన్నారు కార్యదర్శిగారు. కంప్యూటరు సంగతులు కొన్ని తప్పవు. సైన్సు సార్లు మన్నించాలి, తెలుగు సార్లు ఓపిక పట్టాలి.

సారు పోతన పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసు వాళ్లు కూడా పుస్తకం మూసేవాళ్లు. మనకు నాలుగేళ్లు సీనియరైన ఒక అన్న టేపు రికార్డరు పెట్టి ఆ పాఠాలు కాసెట్లకు ఎక్కించుకున్నాడు. తర్వాత అమెరికా వెళ్లి, 1990లలో రాత్రిళ్లు కూర్చుని, వాటిని వింటూ యూనివర్సిటీ కంప్యూటరులో టైపు చేశాడు. కాసెట్లు ఎప్పుడో బూజు పట్టి పోయాయి. మిగిలింది ఒక్క డిస్కు పెట్టె. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. పోయిన ఏడు హనుమకొండ వచ్చినప్పుడు దాన్ని నా చేతిలో పెట్టి, "తమ్ముడూ, దీంట్ల సారున్నడు. ఎట్లనన్న బయటికి తియ్యి" అన్నాడు.

అన్న అప్పుడు వాడింది సన్ కంపెనీ యూనిక్స్ వర్క్‌స్టేషన్. ఆ పెట్టె తీగ ఇవాళ్టి లాప్‌టాప్‌లో ఎక్కడా దూరదు. యు.ఎస్.బి. వచ్చిందే 1996లో. ఇది అంతకు ముందుది, స్కజీ అనే పద్ధతిది. మొదట దానికి తగిన యంత్రం కావాలి. హైదరాబాదులో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర స్పార్క్‌స్టేషన్ 5 దొరికింది. 1994 నాటి మోడలు. అడుగున దుమ్ము, లోపల చచ్చిపోయిన బ్యాటరీ. ఆ బ్యాటరీ పోతే యంత్రం తన టైమునూ నెట్‌వర్కు చిరునామానూ మర్చిపోతుంది. చిరునామా మళ్లీ చేత్తో నేర్పవచ్చు. దాని పాస్‌వర్డు ఎట్లా దాటామన్నది వేరే కథ. మానిటరు దొరకలేదు. కీబోర్డు తగిలించకపోతే ఆ యంత్రం తన మాటలన్నీ సీరియల్ తీగలో పంపుతుంది కాబట్టి, లాప్‌టాప్ నుంచే దానితో మాట్లాడాను.

స్కజీ తీగ మీద ప్రతి పరికరానికీ ఒక నంబరుండాలి, సున్నా నుంచి ఏడు దాకా. మన హాజరు పట్టీ లాంటిదే, ఒక నంబరుకు ఇద్దరు పలికితే గందరగోళం. ఏడు యంత్రానిది, ఆరు సీడీకి, మూడు లోపలి డిస్కుకు అలవాటుగా ఇస్తారు. అన్న డిస్కుకు వెనక మీట నొక్కి రెండు పెట్టాను. పెట్టెకు రెండు సాకెట్లుంటాయి. ఒకదాంట్లో తీగ వస్తుంది, రెండోదాంట్లోంచి పక్క పెట్టెకు పోతుంది. వరసలో చివరి పెట్టెకు టర్మినేటరు అనే బిళ్ల బిగించాలి. లేకపోతే సంకేతం చివర తగిలి వెనక్కి వచ్చి మాటలు కలగాపులగమవుతాయి. ముందు పెట్టెల స్విచ్చులు, తర్వాత యంత్రం స్విచ్చు. 'ప్రోబ్-స్కజీ' అని కొట్టగానే టార్గెట్ 2 అని డిస్కు పేరు కనబడింది. ఆ ఒక్క వరస చూసి ఇంట్లో వాళ్లను లేపాను.

ఇక్కడే జాగ్రత్త. పాత మాన్యువల్ ఏది తెరిచినా బయటి డిస్కు పెట్టడమంటే నాలుగు మెట్లు: 'బూట్ -ఆర్' తో కొత్త పరికరాన్ని గుర్తించమనడం, ఫార్మాట్‌లో లేబుల్ వేయడం, 'న్యూఎఫ్ఎస్' తో ఖాళీ అరలు కట్టడం, మౌంట్ చేయడం. అదంతా కొత్త డిస్కుకు. మూడో మెట్టు మన డిస్కు మీద తొక్కితే సారు పాఠాలకు అక్కడితో తిలోదకాలే. ఆ డిస్కుకు రాతను ఆపే జంపరు ఒకటుంది. మొట్టమొదట అది పెట్టాను. దాని బేరింగు చప్పుడు వింటే, ఎక్కువసార్లు తిప్పడం కూడా మంచిది కాదనిపించింది.

అందుకని రెండో పెట్టె పెట్టాను. అందులో బ్లూస్కజీ అనే చిన్న బోర్డు, దానికి మెమరీ కార్డు. అది పాత యంత్రాన్ని తనూ ఒక డిస్కేనని నమ్మిస్తుంది. దానికి నంబరు నాలుగు, చివర టర్మినేటరు. లేబుల్ దానికి మాత్రమే వేశాను. సన్ డిస్కుల్లో స్లైస్ 2 అంటే మొత్తం డిస్కు అని ఆనవాయితీ. 'డీడీ' అనే ఆదేశంతో రెండో నంబరు డిస్కు మొత్తాన్ని నాలుగో నంబరులోకి, 512 బైట్ల ముక్కలుగా ఒంపాను. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది తారుమారైతే ఖాళీ కార్డు సారు మీద పడుతుంది. జంపరు ఉన్నా కొట్టే ముందు వరసను పైకి చదివి ఇంకొకరికి చూపించాను. చదవలేని ముక్క వస్తే ఆగిపోకుండా సున్నాలు పెట్టి ముందుకు పొమ్మన్నాను. రాత్రంతా నడిచింది. తెల్లారి 'ఎఫ్ఎస్‌సీకే' మరమ్మతు నడిపిందీ, మౌంట్ చేసిందీ ఆ నకలు మీదే. అసలు డిస్కును మళ్లీ ముట్టుకోలేదు.

ఫైళ్లు తెరిస్తే అక్షరాలు చక్కగా ఉన్నాయి. దీనికి అన్న వాడిన పద్ధతికి దండం పెట్టాలి. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆయన మిత్రులు తయారుచేసిన ఆర్.టి.ఎస్. అది. తెలుగును మామూలు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడం: చిన్న 'టి' అయితే త, పెద్ద 'టి' అయితే ట, చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. చూడ్డానికి అందం లేదు, కానీ ఏ ఫాంటూ అక్కర్లేదు. అదే కాలంలో డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఫైళ్లు ఇవాళ ఆ ఫాంటు లేకపోతే గీతలూ గుర్తులూ. ఒక్క సంగతి: ఎవరైనా చక్కబెడదామని పెద్దక్షరాలన్నీ చిన్నవి చేశారో, పోతనగారి టకారాలన్నీ తకారాలవుతాయి.

మొత్తం 41 పాఠాలు. 38 నిండుగా ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి అన్నకు పంపాను. సంచికలో నాలుగు వేస్తున్నారు. మిగిలిన మూడింటిలో మధ్య మధ్య సున్నాలు. ఒక్కో ముక్క పోతే ఐదారు వాక్యాలు పోయినట్టు. వామన చరిత్రలో రెండు చోట్ల, రుక్మిణీ కల్యాణంలో ఒక చోట, గజేంద్రమోక్షంలో మొసలి కాలు పట్టుకున్న చోట. అక్కడ సారు ఏదో చెప్పి క్లాసునంతా నవ్వించారని అన్నకు గుర్తుంది, ఏం చెప్పారో గుర్తులేదు. మీలో ఎవరి దగ్గరైనా ఆనాటి తెలుగు నోట్సు అటక మీద ఉంటే, భోజనాలయ్యాక నాకు చెప్పండి. ఇంటికి వచ్చి తీసుకుంటాను.