పెరటి కంచెకు వాక్కాయ

(దుత్తలూరు రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పెరటి తోటను గూర్చి చెప్పుటకు ముందు మేకను గూర్చి చెప్పవలెను. వంగనారు నాటిన మూడవనాటికే మేక మేసిపోయినదని వాపోవని ఇల్లు ఈ మెట్ట గ్రామములలో అరుదు. అందుకై మనవారు ఏటేట కంప కొట్టి తెచ్చి దడి కట్టుచున్నారు. దానిని చెదలు తినివేయును. మరుసటి ఏడు మరల కంప, మరల శ్రమ. ప్రాణమున్న కంచెను ఒక్కసారి పెంచుకొన్నచో ఈ బాధ తప్పును. ఆ కంచె కాయలు కూడ ఇచ్చునదైన ఇంకేమి కావలెను? వాక్కాయ పొద అట్టిది.

చలి దేశములలో ఇంటి వెనుక రాస్ప్‌బెర్రీ పొదలు పెంచుకొందురు. వానికి శీతకాలపు గట్టి చలి అవసరము. ఉదయగిరి కొండ దిగువన మే నెల ఎండకు అవి నిలువజాలవు. వాక్కాయకు ఈ ఎండ, ఈ రాతినేల పరాయివి కావు. పొదలలో మన పిల్లలు ఏరుకొని తిను కలివికాయ దీనికి దగ్గరి చుట్టమే. అంతరించినదని తలచబడి, 1986లో కడప జిల్లాలో మరల కనబడిన కలివికోడికి కూడ ఆ పొద పేరే గదా!

దేశమున పెక్కుచోట్ల ఈ మొక్కలను జూన్, జూలై నెలలలో నాటుదురు. మనము అట్లు చేయరాదు. మనకు ముఖ్యమైన వర్షములు అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనముల వలన కురియును. జూన్ నెలలో నాటిన మొక్క వడగాలికి మాడి, వాన వచ్చునప్పటికి పుల్లగా మిగులును. కావున అక్టోబరులో నేల బాగుగ తడిసిన పిమ్మట ఏడాది వయసు గల మొక్కలను నాటవలెను. అడుగున్నర లోతు గుంట తీసి, మాగిన పశువుల ఎరువు ఒక గంపెడు మట్టితో కలిపి నింపవలెను. కంచెకైనచో మొక్కకు మొక్కకు మూడడుగులు చాలును. కాయలకై విడిగా పెంచు పొదకు ఎనిమిది, పది అడుగులు విడువవలెను. నీరు నిలుచు పల్లము మాత్రము పనికిరాదు.

మొదటి రెండు వేసవులే గండము. లేత మొక్కను మేక విడువదు గనుక అంతవరకు పాత కంపనే చుట్టూ ఉంచవలెను. వారమునకొకసారి బిందెడు నీరు పోసి, మొదట వేరుసెనగ పొట్టు పరచినచో తేమ నిలుచును. గిన్నెలు కడిగిన నీరు పెరటిలోనికి పారునట్లు చిన్న కాలువ తీసిన ఇల్లాలికి ఈ పని సగము తగ్గును. ముళ్లు ముదిరిన తరువాత పొద తన్ను తానే కాచుకొనును. మూడవ ఏటి నుండి కాపు వచ్చును.

కత్తిరింపులో ఒక మెలకువ కలదు. పూలు కొమ్మల చివరలందు పూయును. కంచె చక్కగా కనబడవలెనని మాటిమాటికి నరుకువానికి ఆకులే గాని కాయలు దక్కవు. కాయలు కోసిన పిదప ఏడాదికొకసారి, అదియు వీధివైపు మాత్రమే గట్టిగా కత్తిరించి, లోపలివైపు విడిచిపెట్టుట మంచిదని నా అభిప్రాయము.

పచ్చికాయతో పప్పు, పచ్చడి, పులిహోర చేయుట మన స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు. కాయ కోసినప్పుడు కారు పాలు చేతికి జిగురుగా అంటును. కాయలను ఉప్పునీటిలో కొంతసేపు ఉంచి కడిగినచో అది పోవును. ఇందు పెక్టిన్ అధికముగా నుండుటచే జెల్లీ చక్కగా గడ్డకట్టును. పట్టణములలో కేకుల మీద అమర్చు ఎర్రని చెర్రీలలో పెక్కు, చక్కెర పాకమున ఊరి రంగు పూసుకొన్న వాక్కాయలేనని మీలో ఎందరెరుగుదురు?

మొక్కలు కొననక్కరలేదు. ఆషాఢ శ్రావణములలో నల్లబడిన పండ్లు దొరికినచో గింజలు తీసి, కడిగి, ఆ వారములోనే నారుమడిలోనో మట్టి నింపిన సంచులలోనో విత్తుకొనుడు. ఎండబెట్టి డబ్బాలో దాచిన గింజ మరుసటి ఏటికి మొలవదు.