మోకాలి మార్పిడి – ఎముకల మీది గుర్తులు
(చిల్లకూరులో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని కనుక మోకాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ మధ్య మనవాళ్లు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒక్కటే: "రోబో ఉన్న ఆసుపత్రికే వెళ్లాలా?" దానికి జవాబు మన ఎముకల్లోనే ఉంది.

మేస్త్రి దారానికి గుండు కట్టి గోడ నిటారు చూస్తాడు. అలాగే తుంటి కీలు నడిమి నుంచి చీలమండ నడిమికి గీత గీస్తే అది మోకాలి మధ్యగా పోవాలి. గీత పక్కకు జరిగితే బరువంతా ఒక వైపే పడుతుంది. అలైన్‌మెంట్ తప్పిన కారు టైరులా కొత్త కీలు ఒక పక్కే అరుగుతుంది.

తుంటి కీలు బయటికి కనిపించదు. అందుకని సర్జన్ తొడ ఎముక గుల్లలోకి కడ్డీ పంపి, దానికి 5 నుంచి 7 డిగ్రీల కోణంలో కోత పెడతాడు. కింద చీలమండకు రెండు పక్కలా ఉన్న గుండు ఎముకలు ఆధారం. వాటి సరిగ్గా నడుమ కాకుండా, కొద్ది మిల్లీమీటర్లు లోపలి వైపున చీలమండ మధ్యబిందువు ఉంటుంది. మోకాలి చిప్ప కింద చెయ్యి పెట్టి చూడండి, ఒక బుడిపె తగులుతుంది. కింది పళ్లెం ఎటు తిరిగి ఉండాలో చెప్పేది అదే.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటుంది. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోని ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లున్న చోట మోకాళ్లు లోపలికి వంగి రాసుకోవడాన్ని 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వివరించారు. కారణం ఏదైనా, ఇలా లోపలికి వంగిన మోకాళ్లలో తొడ ఎముక వెనుక భాగం బయటి వైపున అరిగి గానీ, చిన్నదిగా గానీ ఉంటుంది. దాన్నే నమ్మి కొలిస్తే కొత్త కీలు లోపలికి తిరిగిపోయి, చిప్ప పక్కకు జారుతుంది. అందుకే అమెరికా సర్జన్ వైట్‌సైడ్ 1995లో ఇలాంటి మోకాళ్లకు, చిప్ప కదిలే గాడి లోతు గీతను కొలతగా వాడమన్నారు. జాగ్రత్తగల సర్జన్ రెండు మూడు గుర్తులు సరిపోల్చుకున్నాకే కోత పెడతాడు.

కంప్యూటరు సాయంతో మోకాలి మార్పిడి 1997లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో మొదలైంది. ఇప్పుడు రోబోలు వచ్చాయి. కోణాన్ని అవి నిక్కచ్చిగా కొలుస్తాయి. కానీ ఎముక మీద గుర్తులు తాకి వాటికి చూపించేది సర్జనే. కొందరు సర్జన్లు కాలిని పూర్తిగా నిటారు చేయకుండా రోగి సహజ వంపుకు దగ్గరగా ఉంచుతున్నారు. అక్కడా ఈ గుర్తులే ఆధారం.

కనుక మిత్రులారా, యంత్రం పేరు తర్వాత అడగండి. నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా ఎక్స్‌రే తీస్తారా అని ముందు అడగండి. పాత ఎముక విరుగుళ్లు, తొడలో వేసిన రాడ్లు ఉంటే దాచకుండా చెప్పండి. రాడ్ ఉంటే కడ్డీ దారి మూసుకుపోయి ఉంటుంది, సర్జన్ వేరే ఏర్పాటు చేసుకోవాలి. ఇన్ని సార్లు ఈ ఆపరేషన్ చేశారా అని అడగడానికి మొహమాటపడకండి. కాలు మీది, నడవాల్సింది మీరు.