వాసన పట్టే యంత్రము

(వాడరేవు వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



సైన్సు సంగతి ఏదైనా అందరికీ అర్థమయ్యేటట్లు చెప్పండి అని కార్యదర్శిగారు కోరినారు. వాడరేవులో కూర్చున్నాము కాబట్టి చేపతోనే మొదలుపెడతాము. పడవ ఒడ్డుకు చేరగానే కొనేవాళ్ళు ఏం చేస్తారు? మొప్ప ఎత్తి రంగు చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. చేప చెడేకొద్దీ ట్రైమిథైల్ అమీన్ అనే ఆవిరి వస్తుంది. మన అమ్మీలకు ఆ పేరు తెలియదు గాని, "ఇది నిన్నటిది, వద్దు" అనడానికి క్షణం పట్టదు.

అంతటి ముక్కుకు కూడా లోపాలున్నవి. ఒకటి, త్వరగా అలిసిపోతుంది. అత్తరు దుకాణంలో నాలుగు సీసాలు చూసిన తర్వాత ఐదోది తెలియదు. రెండు, కొన్ని విషవాయువులకు వాసనే లేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడు అటువంటిది. మూడు, మనము నిద్రపోతే ముక్కును నమ్ముకోరాదు. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి ఇళ్ళమీదికి వచ్చేసరికి తెల్లవారుజాము, జనము నిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయినారు. సైరన్ మోగించలేదని విచారణ కమిటీ తేల్చినది.

అన్నిటికంటె మోసకారి హైడ్రోజన్ సల్ఫైడు. సెప్టిక్ ట్యాంకులో, మురుగు గుంటలో, చేపలు కుళ్ళిన పడవ అరలో పుడుతుంది. మొదట కుళ్ళిన గుడ్ల వాసన. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది. "వాసన పోయిందిలే" అని ఒకడు దిగుతాడు, పడిపోతాడు. వాణ్ణి తీయబోయి తమ్ముడు దిగుతాడు. ఒకే ఇంటి నుండి రెండు జనాజాలు లేస్తాయి.

ఇక్కడే యంత్రము అవసరము. 1962లో జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయంలో సెయియామా బృందము జింకు ఆక్సైడు పలుచని పూతతో, గాలిలో వేరే వాయువు కలిస్తే పూతలో పారే కరెంటు మారుతుందని చూపించినది. అదే ఏడు తగూచి అనే ఆయన తగరపు ఆక్సైడు సెన్సారుకు పేటెంటు కోరినాడు. పనిచేసే తీరు ఇది. పూతను సుమారు 300 డిగ్రీలకు వేడిచేస్తారు. గాలిలోని ఆక్సిజను దానిమీద కూర్చొని ఎలక్ట్రానులను పట్టి ఉంచుతుంది, కరెంటు సరిగా పారదు. వంటగ్యాసు వంటిది తగిలితే ఆ ఆక్సిజనుతో కలిసిపోతుంది. ఎలక్ట్రానులు విడుదలై కరెంటు పెరుగుతుంది, అలారము మోగుతుంది.

అయితే ఒక్క సెన్సారు వాయువు పేరు చెప్పలేదు. గ్యాసుకైనా, స్పిరిటు ఆవిరికైనా ఒకటే కేక. అందుకని 1982లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో పెర్సాడ్, డాడ్ అనే ఇద్దరు కొన్ని సెన్సార్లు కలిపి ముక్కు నమూనా చేసినారు. పంచాయతీలో సాక్షులను విడివిడిగా అడిగి, అందరి మాటలూ పోల్చి నిజము తేల్చినట్లే. దీన్నే ఎలక్ట్రానిక్ ముక్కు అంటున్నారు. చేప తాజాదనము, ధాన్యానికి పట్టిన బూజు పసిగట్టడానికి దీన్ని వాడి చూస్తున్నారు.

యంత్రానికీ లోపాలున్నవి. మన సముద్రపు తేమగాలి దాని లెక్క తప్పిస్తుంది. పూత పాతబడుతుంది. అప్పుడప్పుడు తెలిసిన వాయువుతో పరీక్ష చేయించకపోతే అది గోడకు తగిలించిన బొమ్మే. పెట్టే చోటు కూడా ముఖ్యము. వంటగ్యాసు గాలికంటె బరువు, కాబట్టి అలారము నేలకు దగ్గరగా ఉండాలి. కోల్డు స్టోరేజీల్లో వాడే అమ్మోనియా తేలిక, అక్కడ పైన ఉండాలి.

చివరగా మా మనవి ఒకటే. ఆక్సిజను, హైడ్రోజన్ సల్ఫైడు రెండూ చూపించే చేతి మీటరు ఒకటి సొసైటీ కొని ఉంచాలి. ఏ మతమువారైనా సరే, గుంట మూత తీసినప్పుడు అడిగితే ఇవ్వాలి. తాడుకు కట్టి ముందు దాన్ని దించాలి, మనిషిని కాదు. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి దించరాదని 2013 చట్టము చెబుతున్నది. మీటరు బాగుందని చెప్పినా ఆ మాట మరువరాదు. లోపల ఎవరైనా పడిపోతే వెంట దూకకండి. ఫైరు వాళ్ళను పిలవండి. అన్న కోసము తమ్ముణ్ణి పోగొట్టుకోవద్దు.

వచ్చే ఏడు ఈ సభలో ఆ మీటరును బల్లమీద చూడాలని మా కోరిక.