తీగ తెగి నేల మీద పడినా ఫీడర్ ఎందుకు ట్రిప్ అవ్వదు?

గాలివాన వచ్చింది, కొబ్బరి మట్ట ఎగిరొచ్చి 11 కేవీ లైను మీద పడింది, తీగ తెగింది. కోనసీమ వాళ్లకి ఇది కొత్త కాదు. 1996 నవంబర్ తుఫాను సంగతి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెప్తారు. మరి తీగ నేలని తాకగానే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోవాలి కదా? ఒక్కోసారి పడదు.

అంతా నేల మీద ఆధారపడి ఉంటుంది. తడి గడ్డి మీద పడితే పదుల ఆంపియర్లు పారొచ్చు. ఎండు ఇసుక, పొడి తారు రోడ్డు అయితే దాదాపు ఏమీ పారదు. ఫీడర్ మీద 200 ఆంపియర్ల లోడు ఉందనుకోండి. అందులో ఇంకో 10 కలిస్తే మామూలు ఓవర్‌కరెంట్ రిలేకి ఏం తెలుస్తుంది?

అందుకే సెన్సిటివ్ ఎర్త్ ఫాల్ట్ రిలే. మూడు ఫేజుల కరెంట్లని, వాటి కోణాలతో సహా, కూడితే దాదాపు సున్నా రావాలి. రాలేదంటే తేడా భూమిలోకి పోతున్నట్టే. లోడు ఎంతున్నా లెక్కలో కొట్టుకుపోతుంది, లీకేజీ మాత్రం బయటపడుతుంది.

ఇంకో చిక్కుంది. ఒకే బస్‌బార్ మీద ఐదారు ఫీడర్లు ఉంటాయి. తీగకీ భూమికీ మధ్య కెపాసిటెన్స్ వల్ల, ఫాల్ట్ లేని ఫీడర్లలో కూడా కొంత కరెంటు కనిపిస్తుంది. కేబుల్ పొడవుగా ఉంటే మరీనూ. అప్పుడు తప్పు ఒక ఊరి లైన్లో, చీకటి పక్క ఊళ్లో! డైరెక్షనల్ రిలే ఆ కరెంటుని మూడు ఫేజుల వోల్టేజీల మొత్తంతో పోల్చి, ఎటు పారుతోందో చూస్తుంది. ఫాల్ట్ ఉన్న ఫీడర్‌లో ఒక దిశ, మిగతావాటిలో దానికి ఎదురు దిశ.

న్యూట్రల్‌ని నేరుగా ఎర్త్ చేసిన చోట ఈ దిశ అవసరం తక్కువ. పీటర్సన్ కాయిల్ ద్వారా ఎర్త్ చేసినప్పుడు, లేదా అసలు ఎర్త్ చేయనప్పుడు మాత్రం ఇది లేకుండా కుదరదు.

సెట్టింగ్ బాగా తగ్గించేస్తే సరిపోదా అంటారేమో. ఊరికే ట్రిప్ అవుతుంటే భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు ఆగిపోతాయి. రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతే సరుకంతా పోతుంది. అందుకని కొన్ని సెకన్ల ఆలస్యం పెడతారు. నన్నడిగితే, జనం తిరిగే చోట మాత్రం ట్రిప్ వైపే మొగ్గాలి.

ఎండు ఇసుక మీద పడిన తీగని ఈ రిలే కూడా పట్టలేకపోవచ్చు. కాబట్టి నిప్పురవ్వలు రాకపోయినా అందులో కరెంటు ఉన్నట్టే లెక్క. కర్రతో కదపకండి. కనీసం 10 మీటర్లు దూరంగా ఉండండి, పశువుల్ని కూడా రానివ్వకండి. ఇప్పటికే దగ్గరికి వెళ్లిపోయి ఉంటే పెద్ద అంగలు వేయొద్దు, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, నేల మీద జరుపుకుంటూ వెనక్కి రండి. వెంటనే 1912కి ఫోన్ చేయండి. స్తంభం నంబరు దూరం నుంచి కనిపిస్తే అదీ చెప్పండి.