ఇసుకకు లొంగిన రాయి

గూడూరునకు తూర్పుగా, కోట మండలములో, సముద్రపుటొడ్డున కొత్తపట్నమను చిన్న యూరు కలదు. గత శతాబ్దపు చివరి దశకమున రాష్ట్ర పురావస్తు శాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ఇసుకలో విరిగిన పింగాణి పెంకులు దొరకినవి. కొన్ని తెల్లనివి, కొన్ని లేత యాకుపచ్చని నునుపు గలవి. జపాను దేశపు చరిత్రకారుడు నొబోరు కరషిమా మొదలగు పండితులు వానిని పరిశీలించి, చీనాదేశపు బట్టీలలో కాలిన పాత్రల పెంకులని నిర్ణయించి, 2004లో ఒక గ్రంథమున ప్రకటించిరి. అవి ముఖ్యముగా 13వ శతాబ్ది ప్రాంతపు సరకులు. తిక్కన సోమయాజి నెల్లూరిలో మనుమసిద్ధి కొలువున నున్నది ఆ శతాబ్దముననే.

ఆ యాకుపచ్చని రంగు యాదృచ్ఛికముగా వచ్చినది కాదు. చీనాదేశమున జెజియాంగ్ రాష్ట్రపు దక్షిణ భాగమునందలి లుంగ్‌చువాన్ కుమ్మరులు పూతలో స్వల్పముగా ఇనుము కలిపి, బట్టీలోనికి గాలి చాలినంత పోనీయక కాల్చి ఆ వన్నెను సాధించిరి. వారు కోరినది జేడ్ రాతి పోలిక. 8వ శతాబ్దమునందే లు యూ అను రచయిత తేనీటిని గూర్చిన తన గ్రంథమున ఆకుపచ్చ పింగాణిని జేడ్‌తో పోల్చెను. అసలు జేడ్ మన తీరమునకు సరకుగా వచ్చిన జాడలేదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన శాసనమున చీనా కర్పూరము, పట్టు, ముత్యములు, పగడములు, రాగి మొదలగువాని సుంకములు చెప్పబడినవి. జేడ్ ప్రసక్తి లేదు. రాయి రాలేదు, రాతి రంగు వచ్చినది.

ఆ రాతిని చీనావారు ఏల అంతగా మన్నించిరో తెలియవలెనన్న, చరిత్రకు పూర్వమునకు పోవలెను. జేడ్ అనునది సన్నని నారలు ఒకదానితో నొకటి పెనవేసికొన్నట్టి రాయి. సుత్తితో కొట్టినను సులభముగ పగులదు. చాకుమొనతో గీచినను సామాన్యముగ గీత పడదు. లోహపు పనిముట్లు లేని కాలమున మానవుడు దానిని ఎట్లు మలచెను? ఉలితో చెక్కలేదు, అరగదీసెను. తడి ఇసుకను రాతిపై వేసి, త్రాటిని ముందునకు వెనుకకు లాగుచు కోసెను. బోలు వెదురుగొట్టమును ఇసుకపై నిలిపి త్రిప్పుచు రంధ్రము చేసెను. పొడవైన రాతికి ఇరువైపులనుండి తొలిచెడివారు గనుక నడుమ రెండు బెజ్జములు కలియుచోట చిన్న మెట్టు మిగిలెడిది. నేటికిని అది కనబడును. కోసినది త్రాడు గాదు, వెదురు గాదు. ఇసుకలోని పలుగురాతి రేణువు. జేడ్ కంటె అది కొంచెము కఠినము. ఇంటింట గంధపుసాన నెరిగిన మనకు ఈ పని తీరు వింత గాదు. గూడూరు, కోట, చిల్లకూరు ప్రాంతమున గాజు పరిశ్రమకై త్రవ్వి తీయు తెల్లని ఇసుక యును ఆ జాతిదే యని గమనింపదగును.

ఈ పని ఎనిమిదివేల యేండ్లనాటిది. ఇన్నర్ మంగోలియాలోని షింగ్‌లుంగ్‌వా అనుచోట ఆ కాలపు సమాధులలో ఒకచోట చీలిక గల చిన్న జేడ్ వలయములు దొరకినవి. అవి జతలుగా, కపాలమునకు ఇరుప్రక్కల చెవులుండు తావున ఉండుటచేత కమ్మలని తేలినది. విడిగా అంగడిలో దొరకియుండిన యెడల ఉంగరమనవచ్చును, మొలత్రాటి బిళ్ళ అనవచ్చును, కాదనుటకు ఆధారముండదు.

జేడ్ పనికి పరాకాష్ఠ లియాంగ్‌జూ నాగరికత. క్రీ.పూ. 3300 మొదలు 2300 వరకు హాంగ్‌జౌ నగర సమీపమున అది వర్ధిల్లెను. లుంగ్‌చువాన్ పింగాణి పుట్టిన జెజియాంగ్ రాష్ట్రమే అదియును. లియాంగ్‌జూ శిల్పులు చేసినవానిలో విచిత్రమైనది ‘సుంగ్’. వెలుపల చదరముగను లోపల గుండ్రని రంధ్రముతోను ఉండి, మూలలయందు గుడ్లురిమి చూచు ముఖములు చెక్కిన దిమ్మె అది. ఈ వస్తువులు శతాబ్దములుగా పొలములలో బయటపడి చేతులు మారినవి. 18వ శతాబ్దమున చియెన్‌లుంగ్ చక్రవర్తి వానిని సేకరించెను. ఆయన రసికుడే, కాని వానిని ఏదో వాహనపు కొయ్యకొనకు తొడుగు బిళ్ళలని తలంచెను. కొన్నింటిపై తన పద్యములు చెక్కించెను. ఒకదానిపై పద్యము నిటారుగ నుండ ముఖములు తలక్రిందులుగ నున్నవి! సర్వాధికారము గల చక్రవర్తికి గూడ ఆ వస్తువు ఏ తావున నుండి వచ్చినదో చెప్పువారు లేకపోయిరి.

1986లో ఫాన్‌షాన్ దిబ్బను శాస్త్రజ్ఞులు త్రవ్వినప్పుడు గాని సంగతి తేటపడలేదు. అచ్చటి 12వ సమాధిలో ఆరున్నర కిలోల సుంగ్ ఒకటి మృతుని భుజము దగ్గర నుండెను. దానిపై ఈకల కిరీటము దాల్చిన మనుష్యుడును, వాని క్రింద పెద్దకండ్ల మృగమును చెక్కబడిరి. ఒక మిల్లీమీటరు వెడల్పులో పలుగీతలు పట్టునంత సన్నని పని. ఆ సమాధిలోనే జేడ్ గండ్రగొడ్డలి యున్నది. అది కట్టె కొట్టుటకు గాదు, అధికార చిహ్నము. సాధారణముగ గొడ్డలి పురుషుల సమాధులయందును, అర్ధచంద్రాకారపు పతకము స్త్రీల సమాధులయందును కనబడుచున్నవి. ఇట్లు ఎవరు ఏమి ధరించిరో, ఎవరికెంత గౌరవమో వస్తువుండిన తావే చెప్పినది.

ఇంకొక దృష్టాంతము మాకు మిక్కిలి ప్రీతికరము. కిరీటము వంటి ఆకారము గల పలుచని జేడ్ పలక యొకటి లియాంగ్‌జూ సమాధులలో తల దగ్గర కనబడుచుండెను. అదియేమో పండితులకు తోచలేదు. దేవతామూర్తి శిరోభూషణమనియు తలచిరి. 1999లో జౌజియాబాంగ్ అనుచోట ఒక పలక దంతపు దువ్వెన కంటుకొనియే బయటపడెను. దువ్వెనకు పైపట్టె! ఎన్నో యూహలు ఒక్క పూటలో ముగిసినవి.

మన జిల్లాలోను చేజారిన కథ యొకటి కలదు. 18వ శతాబ్దపు చివర నెల్లూరు సమీపమున దున్నుచున్న రైతు నాగలికి ఇటుకకట్టు తగిలెను. అది చిన్న దేవాలయపు శిథిలము. దానిక్రింద కుండలో రోమను బంగారు నాణెములుండెను. వానిని పాతబంగారముగ అమ్మివేయగా పెక్కు కరగిపోయినవి. ముప్పదికి పైగా మాత్రము నవాబు కుటుంబమునకు చేరినవి. అలెగ్జాండర్ డేవిడ్సన్ వానిని చూచి వ్రాసెను: ట్రేజన్, హేడ్రియన్ చక్రవర్తుల ముద్రలు గలవి, కొన్నింటికి బెజ్జములు పడియున్నవి, నగలుగ ధరించియుందురని. ఎవరు ధరించిరి? గుడిక్రింద ఏల దాచిరి? ఆ కుండలో మరేమున్నది? ఆ ప్రశ్నలకు జవాబు మూసలోనే కరగినది. రైతును నిందించుట మాకు ధర్మముగ తోచదు. ఆనాడు ఆతనికి చెప్పినవారెవరు?

నేడు తీరమున రొయ్యల గుంటలు త్రవ్వబడుచున్నవి, ఇసుక తరలింపబడుచున్నది. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. కాని పచ్చని పింగాణి పెంకునకు పది రూపాయలిచ్చువారు ఎవరు? కావున చట్టము దానిని పట్టించుకొనదు. అట్టి పెంకు కంటబడినవారు దానిని తీయక, ఆ తావును గుర్తించి, గ్రామాధికారి ద్వారా పురావస్తు శాఖకు తెలుపుట మేలు. ఏ పెంకు ఏ లోతున, దేని ప్రక్కన నున్నదో వారు కొలిచి వ్రాసికొనవలసియుండును.