పుప్పిగోళ్లకు అల్లం పనిచేస్తుందా?

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. మొదట తాలూకా ఆఫీసులోనూ, 1985లో మండలాలు వచ్చిన తరువాత మండల ఆఫీసులోనూ గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. అయినా ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. మనవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే మోకాళ్ల నొప్పుల తరువాత వినిపించేది కాలిగోళ్ల సంగతే. "బొటనవేలి గోరు పసుపుపచ్చగా మారింది, దళసరెక్కింది, పొడిపొడిగా రాలుతోంది" అని ఒకరంటారు. "అల్లం దంచి కట్టండి, పది రోజుల్లో పోతుంది" అని పక్కవారు సలహా ఇస్తారు. ఈ సలహాలో ఎంత నిజముందో చర్మవ్యాధుల డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నంత వరకు మనవి చేస్తాను.

ముందుగా అల్లం గౌరవం అల్లానికి ఇద్దాం. శొంఠి లేని కషాయం లేదని సామెత. ఆయుర్వేదంలో శొంఠికి విశ్వభేషజమని పేరు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిస్తే త్రికటుకం. జలుబుకు, అజీర్ణానికి అల్లం వాడని ఇల్లు మన వైపు లేదు. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన కొన్ని రకాల బూజు మీద అల్లం సారం వేసి చూస్తే, దాని పెరుగుదల తగ్గినట్లు శాస్త్రజ్ఞులు గమనించారు కూడా. కాబట్టి సలహా ఇచ్చినవారు గాలిమాట చెప్పారని నేను అనను.

అయితే గాజు పళ్లెం వేరు, గోరు వేరు. పుప్పిగోరుకు కారణమైన బూజు గోరు పొరల్లోనూ, గోరు కిందా కాపురం పెడుతుంది. గోరేమో కెరటిన్ అనే గట్టి పదార్థం. పైన రాసిన అల్లం రసం లోపలి దాకా దిగదు. అల్లం కట్టినందువల్ల మనుషుల గోళ్లకు పట్టిన పుప్పి నయమవుతుందని సరైన పరీక్షల్లో రుజువు కాలేదు.

ఇక పది రోజుల లెక్క చూద్దాం. కాలి బొటనవేలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన వయసులో ఇంకా తక్కువే. చేతిగోరు మొత్తం కొత్తది రావడానికి దాదాపు 6 నెలలు, కాలి బొటనవేలికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మన ఆఫీసుల్లో ఫైళ్లే నయమనిపిస్తుంది! బూజు ఇవాళ చచ్చినా, పాడైన గోరు ముందుకు జరిగి కత్తిరించుకునే దాకా పాత రూపు పోదు. కాబట్టి పది రోజుల్లో గోరు బాగుపడిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఎంక్వయిరీ లేకుండా ఆర్డరు వేయకూడదని మనందరికీ తెలుసు. గోళ్ల విషయంలోనూ అంతే. పాడైన గోళ్లన్నిటిలో సుమారు సగం మాత్రమే బూజు వల్ల వచ్చినవి. మిగతా వాటికి పాత దెబ్బలు, బిగుతు బూట్లు, సోరియాసిస్ వంటివి కారణాలు. గోరు పక్కన వాచి, చీము పట్టి సలపరించే గోరుచుట్టు ఇంకొక జబ్బు. గోరు మీద కొత్తగా నల్లని చార కనబడితే అసలు ఆలస్యం చేయరాదు. అది అరుదుగా క్యాన్సరు కూడా కావచ్చు. బూజు అవునో కాదో తేల్చడానికి గోరు ముక్కను, కింద గీకిన పొడిని మైక్రోస్కోపు కింద చూస్తారు. చిన్న పరీక్ష, నొప్పి ఉండదు. ఆడవారికి ఒక మనవి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే గోటి అసలు రంగు కనబడదు. డాక్టరుకు చూపించదలచుకుంటే ఆ గోటికి మాత్రం పెట్టుకోకండి.

2022 ఏప్రిల్ నుంచి మనం ఎన్టీఆర్ జిల్లా వారమైనా, కృష్ణా జిల్లా మెట్ట అనే మాట నోటికి ఇంకా వస్తూనే ఉంది. పేరుకు మెట్టే గాని సాగరు ఎడమ కాలువ వచ్చాక మన పాదాలకు తడి తప్పలేదు. చెప్పులు లేకుండా బురదలో దిగడం, ఎండాకాలంలో చెమట పట్టిన బూట్లు రోజంతా విప్పకపోవడం బూజుకు అనుకూలం. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీరు వచ్చినప్పుడు ఎంతమంది కాలివేళ్ల సందులు పాచిపోయాయో మీరు చూశారు. చాలామందికి బూజు మొదట వేళ్ల సందుల్లో చేరి, అక్కడి నుంచి గోటికి పాకుతుంది.

ఇప్పుడు అసలు చెప్పవలసింది చెబుతాను. మనలో చాలామందికి షుగరు ఉంది. నాతో పనిచేసి రిటైరైన మిత్రుడొకరు, ఆయన అనుమతితోనే చెబుతున్నాను, ఒక రాత్రి అల్లం ముద్ద బొటనవేలికి కట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి పడుకున్నారు. పచ్చి అల్లం ఘాటుకు చర్మం మండుతుంది. మామూలు మనిషైతే అర్ధరాత్రే లేచి కడుక్కుంటాడు. షుగరు వల్ల ఆయన పాదాలకు స్పర్శ తగ్గింది కాబట్టి మంట తెలియలేదు. తెల్లవారి విప్పి చూస్తే బొబ్బలు. నాలుగు రోజుల్లో అది పుండై పాదానికి వాపు దిగింది. విజయవాడలో రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి వేలు దక్కించుకున్నారు. ఆ రెండు వారాలూ కోడలు గారు ఉద్యోగానికి సెలవు పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. రూపాయి అల్లం ముక్క కోసం ఇంటిల్లిపాదీ పడిన అవస్థ అది.

కాబట్టి షుగరు ఉన్నవారు, పాదాలకు రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారు, వేలి మీద పగుళ్లో పుండో ఉన్నవారు అల్లం గాని, వెల్లుల్లి గాని, మరే ఘాటు పదార్థం గాని గోటికి కట్టవద్దు. అటువంటివారు పుప్పిగోటిని వదిలేసి ఊరుకోవడం కూడా మంచిది కాదు. దళసరెక్కిన గోరు ఒరుసుకుని పుండు పడవచ్చు.

పరీక్షలో బూజు అని తేలితే మందులున్నాయి. టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, చేతిగోళ్లకు 6 వారాలు, కాలిగోళ్లకు 12 వారాలు సాధారణంగా ఇస్తారు. కాలేయ జబ్బు ఉన్నవారికి ఇది పనికిరాదు, అందుకే ముందు రక్తపరీక్ష చేయిస్తారు. ఇట్రాకొనజోల్ అనే మరో మందు గుండె బలహీనంగా ఉన్నవారికి మంచిది కాదు. కొలెస్టరాల్ మాత్రలు కొన్నిటితోనూ దానికి పొసగదు. కనుక మీరు వాడే మందులన్నీ కాగితం మీద రాసుకుని తీసుకువెళ్లండి. జబ్బు కొద్దిగా ఉంటే గోటికి రాసే లక్క వంటి మందు కూడా ఉంది, నెలల తరబడి రాయాలి. ఇవన్నీ వాడినా అందరికీ నూటికి నూరుపాళ్లు నయం కాదు, కొందరికి మళ్లీ వస్తుంది. పొరుగువారి చీటీ చూపించి మందుల షాపులో మాత్రలు కొనడం మాత్రం వద్దు.

ఇంట్లో మనం చేసుకోదగిన వైద్యం వేరే ఉంది. స్నానం కాగానే వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవాలి. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. కత్తెర ఎవరిది వారికే ఉండాలి. మేజోళ్లు రోజూ మార్చాలి, బూట్లు ఎండలో ఆరబెట్టాలి. తడి బాత్‌రూములో చెప్పులు వేసుకోవాలి. వంగలేనివారి పాదాలను వారానికొకసారి కొడుకో, కోడలో, మనవడో చూసిపెట్టాలి. ఇక్కడికి వచ్చిన పిల్లలకు నా విన్నపం ఇదే. మా తరం వారు కాళ్లు చూడమని మిమ్మల్ని అడగడానికి మొహమాటపడతాము. మీరే అడిగి చూడండి.

అల్లాన్ని టీలోనూ, పచ్చడిలోనూ నిశ్చింతగా వాడుకుందాం. గోటికి మాత్రం ముందు పరీక్ష, తరువాతే మందు.