బండి తాగే డీజిల్ - ఇల్లాలి లెక్క



ఏనుగును కొనడం ఒక ఎత్తు. మేపడం ఒక ఎత్తు. పెద్ద బండి సంగతీ అంతే.

బొలెరో లాంటి బండ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఎక్కవచ్చు. గతుకుల బాటలో కూడా పోతాయి. ఆసుపత్రికి, పెళ్లికి, సంతకు పనికొస్తాయి. నెలనెలా కట్టే కిస్తు ఎంతో ఇంట్లో అందరికీ తెలుసు. మరి బండి రోజూ తాగే డీజిల్ ఎంత? ఆ లెక్క చాలా ఇళ్లలో ఎవరూ రాయరు. "ఐదు వందలకు కొట్టు" అంటారు బంకులో. అయిపోతే మళ్లీ ఐదు వందలు. డబ్బు పోతుంది గాని, లెక్క తెలియదు.

ఈ లెక్క కష్టమేమీ కాదు. తీసివేత, భాగహారం వస్తే చాలు.

ఒకరోజు ట్యాంకు నిండా కొట్టించండి. గన్ను టక్కున ఆగితే చాలు, ఆపండి. మీటరులో అంకె చూసి రాసుకోండి. 24,300 ఉందనుకోండి. కొన్నాళ్లు తిరిగాక మళ్లీ అలాగే నిండా కొట్టించండి. ఈసారి 35 లీటర్లు పట్టింది. మీటరులో 24,720 ఉంది. తీసివేస్తే 420 కిలోమీటర్లు. దాన్ని 35తో భాగిస్తే 12. అంటే లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చిందన్నమాట.

ఆ బండి రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే, 30 రోజులకు 1,200 కిలోమీటర్లు. 100 లీటర్లు కావాలి. లెక్క సులువు కోసం లీటరు 100 రూపాయలు అనుకోండి. నెలకు 10,000 రూపాయలు! అదే బండి లీటరుకు 10 కిలోమీటర్లే ఇస్తే 120 లీటర్లు కావాలి. 12,000 రూపాయలు అవుతుంది. తిరిగింది అంతే దూరం. పోయింది మాత్రం 2,000 రూపాయలు ఎక్కువ. అది పిల్లల ఫీజు కావచ్చు, సంఘం అప్పు కిస్తు కావచ్చు.

ఎందుకు తగ్గుతుంది? కంపెనీ చెప్పే మైలేజీ పరీక్షశాలలో కొలిచింది. బాట మీద అంత రావడం కష్టం. పెద్ద బండి బరువెక్కువ. ఆగిన ప్రతిసారీ ఆ బరువును మళ్లీ కదిలించాలి. అందుకే టౌనులో ఎక్కువ తాగుతుంది. ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎదురుగాలిని తోసుకుంటూ పోవాలి. వేగం పెరిగేకొద్దీ గాలి ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది. పైన సామాను కడితే మరీ కష్టం. ఏసీ కూడా ఇంజను బలంతోనే తిరుగుతుంది. టైర్లలో గాలి తగ్గితే బండి బరువుగా లాగుతుంది. సైకిలు తొక్కినవాళ్లకు ఇది తెలిసిన సంగతే.

ఇంధనం పొదుపు గురించి చెప్పడానికి 1978లో పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అనే సంస్థ ఏర్పడింది. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం మంచిదని ఆ సంస్థ చెబుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపమంటుంది. టైర్లలో ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చదవండి. గాలి వడపోసే ఫిల్టరును సమయానికి శుభ్రం చేయించండి.

బంకులో సున్నా చూశాకే కొట్టనివ్వండి. బిల్లు అడగండి. అనుమానం వస్తే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమనండి. అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది.

ఇంకో మాట. పాల ప్యాకెట్టు కోసం పెద్ద బండి తీయడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. చల్లగా ఉన్న ఇంజను మొదట్లో ఎక్కువ తాగుతుంది. చిన్న పనులకు నడిచి వెళ్లవచ్చు. లేదా నాలుగు పనులు కలిపి ఒక్కసారే వెళ్లవచ్చు.

పొగ సంగతి కూడా ఉంది. ఒక్క లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. పైగా దేశానికి కావలసిన ముడి చమురులో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచే కొనాలి.

"బండి సంగతి ఆడవాళ్లకెందుకు?" అనేవాళ్లు ఉంటారు. బండి తాగేది ఇంటి డబ్బే కదా! ఒక చిన్న నోటుపుస్తకం బండిలో పెట్టండి. తేదీ, మీటరు అంకె, లీటర్లు, రూపాయలు. నాలుగు గీతలు గీసి రాయండి. మూడు నెలలు రాస్తే బండి ఎప్పుడు ఎక్కువ తాగుతోందో పుస్తకమే చెబుతుంది. అప్పుడు ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. నోటిమాట కాదు, రాసిన లెక్క చేతిలో ఉంటుంది.